పీసీఓడీ: మూడు వందల ఏళ్ల కథ



ఈ మధ్య ఏ లేడీడాక్టరు గారి వరండాలో కాసేపు కూచున్నా ఒక మాట చెవిన పడుతున్నది, పీసీఓడీ అని. పక్కన కూచున్న తల్లి చెబుతుంది, "మా పాపకు పీసీఓడీ అంట అమ్మా" అని. ఆ పక్కావిడ అందుకుంటుంది, "మా కోడలికీ అదేనంట" అని. పెద్దవాళ్లుంటే ఇక చెప్పనక్కర లేదు. "మా కాలంలో ఎరగం తల్లీ ఇట్టాంటి జబ్బులు. ఈ కోడిమాంసం వల్లనో, ఆ సెల్లుఫోన్ల వల్లనో వచ్చుంటాయి" అని తేల్చేస్తారు. మా సూళ్లూరుపేటలో రాకెట్టు ఎగిరిన మర్నాడు వాన కురిసినా, కురవకపోయినా దానికి కారణం రాకెట్టేనని చెప్పేవాళ్లున్నారు. ఇదీ అలాంటిదే.

ఇది కొత్త జబ్బు కాదు. కొత్తది పేరు మాత్రమే. జబ్బుకి చాలా పెద్ద చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర వింటే ఆడదాని శరీరం గురించి లోకం ఎప్పుడెప్పుడు పట్టించుకున్నదో, ఎప్పుడు పట్టించుకోలేదో కూడా తెలుస్తుంది. అందుకే ఇవాళ మందుల సంగతి కొంచెమూ, చరిత్ర సంగతి ఎక్కువా చెబుదామని వచ్చాను.

గ్రీసు దేశంలో రెండు వేల నాలుగు వందల ఏళ్ల కింద హిప్పోక్రటీసు పేరు మీద కూర్చిన వైద్య గ్రంథాలున్నాయి. స్త్రీల వ్యాధులను గురించిన భాగంలో ఒక రకం స్త్రీల ప్రస్తావన వస్తుంది. ముట్టు మూడు రోజులైనా ఉండదు, లేక చాలా తక్కువగా అవుతుంది. మనిషి చూస్తే దిట్టంగా, ఆరోగ్యంగా ఉంటుంది గాని మగపోలిక కనిపిస్తుంది. గర్భం రాదు. ఆ రాసినాయన మరొక మాట కూడా చేర్చాడు, వీళ్లకు పిల్లల మీద ధ్యాస ఉండదని. ఆమెను అడిగి రాశాడో, అడక్కుండానే రాశాడో మనకు తెలియదు. నాకైతే అడక్కుండానే రాశాడనిపిస్తుంది.

మన దేశంలో సుశ్రుతుడు ముట్టు నిలిచిపోవడాన్ని నష్టార్తవం అన్నాడు. దానికి చెప్పిన ఆహారంలో చేపలు, ఉలవలు, నువ్వులు, మినుములు వస్తాయి. ఈ జాబితా వినగానే మన ఇళ్లలో పెద్దమనిషయిన పిల్లకు దంచి పెట్టే చిమ్మిలి గుర్తుకు రాలేదూ? నువ్వులూ బెల్లమూ తింటే ముట్టు సరిగా వస్తుందని మన అవ్వలు అనడం ఏ పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. పుస్తకం వాళ్ల దగ్గర నేర్చుకున్నదో, వాళ్లు పుస్తకం దగ్గర నేర్చుకున్నారో గాని రెండూ ఒకే తోవలో నడిచాయి. (బెల్లం సంగతి మాత్రం కొంచెం ఆగి చెబుతాను.)

కాశ్యప సంహిత అని పిల్లల వైద్యానికి పేరుపడ్డ గ్రంథం ఒకటున్నది. దాని తాళపత్రం నేపాలులో దొరికి, 1938 లో అచ్చయింది. అందులో రేవతీ కల్పమనే అధ్యాయంలో పుష్పఘ్ని అనే పేరుతో ఒక స్త్రీని వర్ణించారు. బుగ్గలు లావుగా ఉండి వాటి మీద వెంట్రుకలు మొలుస్తాయి. ముట్టు అవుతుంది గాని ఆ పుష్పం కాయగా మారదు, వృథా పోతుంది. ఈ కాలపు కొందరు వైద్యులు ఇది మన పీసీఓడీయే అంటున్నారు. ఆ పుస్తకంలో ముట్టు వేళకే వస్తుందని ఉన్నది, మన వాళ్లకేమో వేళ తప్పుతుంది. కాబట్టి రెండూ ఒకటేనని గట్టిగా చెప్పడానికి లేదు. కాని బుగ్గల మీద వెంట్రుకలకూ సంతానం లేకపోవడానికీ ఏదో సంబంధం ఉన్నదని ఆనాడే ఎవరో గమనించారు. అది చిన్న విషయం కాదు.

ఇక కథలో కత్తి పట్టుకుని చూసిన మొదటి మనిషి ఇటలీ దేశస్థుడు. పేరు ఆంటోనియో వాలిస్నేరి, పాడువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1721 లో ఆయన ఒక పల్లెటూరి యువతి గురించి రాశాడు. పెళ్లయినది, కొంచెం బొద్దుగా ఉండేది, పిల్లలు లేరు. ఆమె అండాశయాలు మామూలుకంటె పెద్దవిగా, ఎగుడుదిగుడుగా, తెల్లగా మెరుస్తూ పావురం గుడ్లలా ఉన్నాయని వర్ణించాడు. ఈ వర్ణన ఎంత సరిగ్గా ఉన్నదంటే మూడు వందల ఏళ్ల తరువాత కూడా డాక్టర్లు దీన్నే ఎత్తి చెబుతున్నారు. ఆ యువతి పేరు మాత్రం మనకు దక్కలేదు. ఆమె ఎంత బాధపడిందో, అత్తగారు ఏమన్నదో అసలే తెలియదు.

తరువాత 1844 లో ఫ్రాన్సులో షెరో అనే వైద్యుడు అండాశయం పైపొర గట్టిపడి లోపల చిన్నచిన్న తిత్తులు ఏర్పడడాన్ని వివరించాడు. అంతే. వాళ్లు చూశారు, రాశారు. ఎందుకు అవుతున్నదో ఎవరికీ తెలియలేదు.

అక్కడ ఇటలీలో, ఫ్రాన్సులో సరే, ఆ కాలంలో మన వైపు అలాంటి స్త్రీలు లేరా అంటే, ఉన్నారు. వాళ్లకు వేరే పేరుండేది. గొడ్రాలు. ఈ ఒక్క మాటలో ఎన్ని జబ్బులు కలిసిపోయాయో ఎవరు లెక్క పెట్టారు? ముట్టు ఆరునెలలకొకసారి వచ్చేది అదే, గర్భసంచి దోషం ఉన్నది అదే, అసలు లోపమంతా మొగుడిలో ఉన్నది కూడా అదే. మగవారి వీర్యంలో కణాలుంటాయని హాలండులో లీవెన్‌హుక్ భూతద్దంలో 1677 లోనే చూశాడు. అయినా పరీక్ష మగవాడికి చేయించాలన్న ఆలోచన మన ఇళ్లకు రావడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. కొన్ని ఇళ్లకు ఇంకా దారిలోనే ఉన్నది.

పిల్లలు కలగని భార్య ఉండగా ఎనిమిదో ఏట మరొకతెను చేసుకోవచ్చని మనుస్మృతి చెప్పింది. ఎనిమిదేళ్లు ఆగిన మగవాళ్లు ఎంతమందో గాని, సవతిని తానే వెతికి తెచ్చి పెళ్లి చేసిన ఇల్లాళ్ల కథలు మన ఇళ్లలో కావలసినన్ని. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. హిందువులలో భార్య ఉండగా రెండో పెళ్లిని నిషేధిస్తూ ఆ రాష్ట్రంలో 1949 లో చట్టం వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 1955 లో, హిందూ వివాహ చట్టంతో. అంటే మన అమ్మమ్మల తరంలో, నెల తప్పి తప్పి ముట్టయ్యే ఒక ఆడపిల్లకు ఈ జబ్బు వల్ల వచ్చే మొదటి ప్రమాదం సవతి. మధుమేహమూ మిగతావీ ఆ తరువాతి మాట.

వాళ్లు ఏం చేయగలిగేవారు? మొక్కుకునేవారు. మా ఊళ్లో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ ఉన్నది, రాత్రీ పగలూ తలుపు మూయని గుడి. అమ్మవారి ముందు కొంగు చాచి అడిగిన వాళ్లలో ఇప్పుడు మనం పీసీఓడీ అనేది ఉన్నవాళ్లు ఎందరుండి ఉంటారు! అందులో కొందరికి నిజంగానే కడుపు పండి ఉంటుంది కూడా. ఎందుకంటే ఈ జబ్బులో అండం విడుదల కావడం పూర్తిగా ఆగిపోదు, ఎప్పుడో ఒకసారి అవుతుంది. ఆ నెల కలిసి వస్తే బిడ్డ. మొక్కు చెల్లించారు, పేరు పెట్టుకున్నారు. దాన్ని నేను తప్పుపట్టను.

డాక్టరును చూడాలంటే మద్రాసు. మాకు ఎనభై చిల్లర కిలోమీటర్లు. రైలు పడ్డాక కాస్త సులువయింది గాని, మగ డాక్టరు చేత పరీక్ష చేయించుకోవడమంటే ప్రాణం పోయినా ఒప్పుకునేవారు కారు. ఈ ఇబ్బంది చూసే మేరీ షార్లీబ్ అనే ఆంగ్ల వనిత చదువుకు దిగింది. లాయరు గారి భార్యగా మద్రాసు వచ్చిన మనిషి. 1875 లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. ఆమె పూనికతోనే 1885 లో మద్రాసులో గోషా స్త్రీలకూ, కులాచారాలు పాటించే స్త్రీలకూ ప్రత్యేకంగా ఆస్పత్రి మొదలైంది. తిరువల్లిక్కేణిలో ఇప్పుడు కస్తూర్బా గాంధీ పేరుతో ఉన్నది అదే. ఎగ్మూరు ఆస్పత్రి అంతకు ముందే, 1844 నుంచి ఉన్నది. పారిస్‌లో షెరో గారు అండాశయం గురించి రాసిన సంవత్సరమే అది. కాకతాళీయమే, కాని నాకు చెప్పాలనిపించింది.

అయితే ఆ రోజుల్లో ఏ గొప్ప ఆస్పత్రికి వెళ్లినా ఈ జబ్బుకు మందు లేదు. పైగా అమెరికాలో, ఇంగ్లండులో అప్పుడొక వెర్రి బయలుదేరింది. 1872 లో జార్జియా రాష్ట్రపు డాక్టరు రాబర్టు బాటీ ముట్టు బాధలకు విరుగుడు అండాశయాలు తీసివేయడమేనని ఆపరేషన్లు మొదలుపెట్టాడు. తలనొప్పికీ, కోపానికీ, దిగులుకీ కూడా అండాశయాలే కారణమన్నారు. బాగున్నవి కూడా తీసేశారు. వేలాది మంది స్త్రీలకు చిన్నవయసులోనే ముట్లుడిగిపోయాయి. కొన్నేళ్లకు వైద్యులకే బుద్ధి వచ్చి మానుకున్నారు.

ఇప్పుడు 1935 కు వద్దాం. షికాగో నగరంలో ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీల గురించి ఒక వ్యాసం ప్రకటించారు. ముట్టు సరిగా రాదు, పిల్లలు లేరు, కొందరికి ముఖం మీద వెంట్రుకలు, కొందరు లావు. అప్పటికి స్కానింగ్ యంత్రాలు లేవు కాబట్టి పొట్టలోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసి, రెండు అండాశయాలూ పెద్దవై ఉన్నాయని చూసేవారు. పొట్ట తెరిచి, ఒక్కొక్క అండాశయంలో సగం నుంచి ముప్పాతిక భాగం దాకా పుచ్చకాయ ముక్క కోసినట్టు కోసి తీసి, మిగిలింది కుట్టేశారు. ఏడుగురికీ ముట్టు క్రమంగా రావడం మొదలుపెట్టింది. ఇద్దరికి గర్భం వచ్చింది.

అంతవరకు ఎవరూ చేయలేని పని అది. అందుకే చాలా ఏళ్లు ఈ జబ్బుని స్టైన్-లెవెంతాల్ అనే పేరుతోనే పిలిచారు. పాతకాలం డాక్టర్లు చీటీలో ఇప్పటికీ అలా రాస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే. కాని ఆ ఆపరేషనుతో ఒక చిక్కు వచ్చింది. కోసినచోట పేగులూ గొట్టాలూ ఒకదానికొకటి అతుక్కుపోయేవి. ముట్టు వచ్చినా, గొట్టం మూసుకుపోయి పిల్లలు మాత్రం కలగని పరిస్థితి. అందుచేత తరువాత అది వెనకబడింది. 1984 లో నార్వేలో చిన్న రంధ్రం గుండా గొట్టం పంపి అండాశయాన్ని అక్కడక్కడా చురకబెట్టే పద్ధతి వచ్చింది. మందులకు లొంగని కొందరికి ఇప్పుడు కూడా అది చేస్తున్నారు.

సగం కోసి పారేస్తే జబ్బు ఎందుకు తగ్గింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. మన వైపు వరి పండిస్తాం గనక నారుమడి ఊహించుకోండి. ప్రతి నెలా అండాశయంలో ఒక పిడికెడు అండపు మొలకలు లేస్తాయి. అందులో ఒక్కటే బలంగా ఎదిగి, పండి, విడుదలవుతుంది. మిగతావి వాడిపోతాయి. అండం విడుదలయితే, రెండు వారాలకు గర్భం లేకపోతే ముట్టు. ఈ జబ్బులో ఏ ఒక్కటీ ఎదగదు. అన్నీ రెండు మొదలు తొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర ఆగి, అలాగే నిలబడిపోతాయి. స్కానింగులో నల్లగా కనిపించే బుడగలు అవే. అవి గడ్డలు కావు, పుండ్లు కావు, కాన్సరు అసలే కాదు. పండకుండా ఆగిపోయిన మొలకలు.

అవి ఆగడానికి కారణం అండాశయం మగ హార్మోను కొంచెం ఎక్కువగా తయారు చేయడం. ఆడవాళ్లందరిలోనూ మగ హార్మోను కాస్త ఉంటుంది, ఉండాలి కూడా. అది ఎక్కువయితే మొలక ఎదగదు, గడ్డం దగ్గర వెంట్రుకలు ముదురుతాయి, మొటిమలు వస్తాయి, తలమీద జుట్టు పలచబడుతుంది. షికాగో డాక్టర్లు సగం అండాశయం కోసి తీసేశారంటే, మగ హార్మోను తయారయ్యే చోటు సగం తగ్గించారన్నమాట. వాళ్లకు ఈ సంగతి అప్పుడు తెలియదు.

మగ హార్మోను ఎందుకు ఎక్కువవుతుంది? దీని దారి కూడా చాలా పాతదే. 1921 లో పారిస్‌లో అషార్, తియేర్ అనే ఇద్దరు గడ్డం మొలిచిన స్త్రీలలో చక్కెరజబ్బు రావడాన్ని గురించి రాశారు. దాన్నీ అండాశయాలనూ కలిపి చూడడానికి ఇంచుమించు అరవై ఏళ్లు పట్టింది. 1980 లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో బర్గెన్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ ఈ స్త్రీల రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నదనీ, అది ఎంత ఎక్కువయితే మగ హార్మోను అంత ఎక్కువగా ఉన్నదనీ చూపించారు.

ఇన్సులిన్ పని రక్తంలోని చక్కెరను కండరాలకు చేర్చడం. కొందరి కండరాలు దాని మాట సరిగా వినవు. వినడం లేదని శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. చెవుడున్న మామగారికి గట్టిగా చెప్పినట్టు. కాని అండాశయానికి చెవుడు లేదు. ఆ కేకంతా అది వింటుంది, విని మగ హార్మోను మరింత తయారు చేస్తుంది. మెడ వెనక, చంకల్లో నల్లటి మందమైన చారలు కనిపించేది కూడా ఈ ఎక్కువ ఇన్సులిన్ వల్లనే. పాపం, ఆ నలుపు మురికి అనుకుని సున్నిపిండితో, పీచుతో తోలు లేచేటట్టు రుద్దిన తల్లుల్ని నేను చూశాను.

చిమ్మిలి సంగతి ఆగి చెబుతానన్నాను గదా. నువ్వులతో పేచీ లేదు. ఇన్సులిన్ మాట వినని శరీరానికి ముద్దకు ముద్ద బెల్లం మాత్రం మంచిది కాదు. అవ్వల కాలంలో ఆ చిమ్మిలి తిన్న పిల్ల నీళ్లు తోడి, రోలు దంచి, చేలో నడిచి దాన్ని కరిగించేది. మన పిల్ల ట్యూషనుకి స్కూటీ మీద పోతున్నది.

మందుల చరిత్రకు వస్తే, మొదటిది క్లోమిఫిన్. 1961 లో గ్రీన్‌బ్లాట్ అనే అమెరికా డాక్టరు దానితో అండం విడుదల చేయించవచ్చని ప్రకటించాడు. 1967 లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. కత్తి లేకుండా మాత్రతో కడుపు పండడం మొదటిసారి. తరువాత లెట్రోజోల్ వచ్చింది. రొమ్ము కాన్సరు మందు ఇది. 2011 లో మన ప్రభుత్వం దీన్ని సంతానం కోసం వాడకూడదని నిషేధించింది. 2014 లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీల మీద జరిగిన పెద్ద పరీక్షలో లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతానికీ, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతానికీ బిడ్డలు పుట్టారు. మన దేశంలో నిషేధం ఆ తరువాత తొలగింది.

మెట్‌ఫార్మిన్ మరో కథ. "నాకు షుగరు లేదు, షుగరు మాత్ర ఎందుకు రాశారు?" అని చీటీ చూసి గాభరా పడేవాళ్లు చాలామంది. దాని మూలం ఐరోపాలో మేకలకు మేతగా పేరున్న ఒక మొక్క. దానిలోని పదార్థాన్ని పోలిన మందుని 1957 లో పారిస్‌లో స్టెర్న్ అనే డాక్టరు చక్కెరజబ్బుకు వాడాడు. ఇన్సులిన్ తగ్గితే మగ హార్మోను తగ్గాలి గదా అని ఆలోచించి, 1994 లో వెనిజులా దేశపు వైద్యులు దీన్ని పీసీఓఎస్ స్త్రీలకు ఇచ్చి చూశారు. కొందరికి ముట్టు తిరిగి వచ్చింది. చీటీలో ఆ మాత్ర ఉండడానికి కారణం అది.

గర్భనిరోధక మాత్రలంటే ఇంకా పెద్ద గొడవ. పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలేమిటని ఇంట్లో దాచిపెట్టే తల్లులున్నారు. మందుల షాపులో ఆ పేరు పలకడానికి సిగ్గుపడి వెనక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ జబ్బులో ఆ మాత్ర ముట్టును క్రమపరుస్తుంది, మగ హార్మోనును అణుస్తుంది. నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొరలో కాన్సరు వచ్చే అవకాశం పెరుగుతుంది. దాన్ని ఆపడానికే మాత్ర. రక్తం గడ్డకట్టే జబ్బు, కొన్ని రకాల పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి అది పనికిరాదు గనక డాక్టరు చెప్పకుండా మాత్రం కొనకండి.

యంత్రం వచ్చాక కథ మళ్లీ మలుపు తిరిగింది. 1980 ల తరువాత స్కానింగులో బుడగలు చూడడం సులువయింది. ఎవరిని చూసినా బుడగలే. 1988 లో లండనులో ఏ బాధా లేని స్త్రీలను చూస్తే ఐదుగురిలో ఒకరికి పైగా అలాగే ఉన్నాయి. బుడగలుంటేనే జబ్బయితే లోకంలో సగం మంది రోగులే. అందుకే 1990 లో అమెరికాలోనూ, 2003 లో హాలండులోని రాటర్‌డామ్ నగరంలోనూ నిపుణులు కూచుని లెక్క తేల్చారు. రాటర్‌డామ్ లెక్క ఇది: ముట్టు వేళ తప్పడం, మగ హార్మోను ఎక్కువయిన లక్షణాలు, స్కానింగులో బుడగలు. ఈ మూడింటిలో రెండైనా ఉండాలి, అలాంటి లక్షణాలు తెచ్చే థైరాయిడు వంటి ఇతర జబ్బులు లేవని చూడాలి. అంటే బుడగలు లేకుండా కూడా ఈ జబ్బు ఉండవచ్చు. బుడగలుండి కూడా జబ్బు లేకపోవచ్చు.

మా వీధిలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె ఒకరోజు స్కానింగు కాగితం పట్టుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అత్తా, ఇన్ని గడ్డలుండాయంట. పగిలిపోతే ఎట్టత్తా? నాకు పిల్లలు పుట్టరంట గదా" అంది. ఎవరు చెప్పారంటే, స్కానింగు తీసినచోట ఉన్న మనిషి చెప్పాడట. డాక్టరు ఇంకా చూడనే లేదు. రెండు నిమిషాల మాటకి ఆ పిల్ల మూడు రోజులు అన్నం తినలేదు. వాళ్లమ్మ ఇంకా ముందుకు పోయి, కుదిరిన సంబంధం వాళ్లకు తెలిస్తే ఎట్లా అని ఏడుస్తున్నది. తరువాత నెమ్మదస్తురాలయిన ఒక డాక్టరమ్మ దగ్గర కూచోబెడితే ఆవిడ కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువమంది చివరకు తల్లులవుతారని, కొందరికి మందు సాయం కావాలని చెప్పింది. ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న, "మరి గడ్డం మీద వెంట్రుకలు పోతాయా మేడమ్?" అని. మేమంతా పిల్లల గురించి మథనపడుతుంటే దాని బాధ అద్దంలో ఉన్నది!

చరిత్రలో నాకు ఎక్కువగా కనిపించేది కూడా ఇదే. వాలిస్నేరి చూసిన యువతి పిల్లలు లేని భార్య. షికాగో ఏడుగురి కథలోనూ ముందు నిలిచింది గర్భమే. ఆడదానికి పిల్లలు కావలసి వచ్చినప్పుడే వైద్యం ఆమె అండాశయం వైపు చూసింది. పెళ్లికాని పిల్ల మూడు నెలలకొకసారి ముట్టవుతుందంటే మనం ఏమంటున్నాం? "పెళ్లయితే సర్దుకుంటుందిలే." పెళ్లి మందు కాదు. ఇద్దరు పిల్లల్ని కని ఇక చాలనుకున్న నలభై ఏళ్ల ఇల్లాలికి కూడా ఈ జబ్బు ఉంటుంది. అప్పుడు దాని ముఖం చక్కెరజబ్బు వైపు, రక్తపోటు వైపు తిరుగుతుంది.

మన రాయలసీమలోనే జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. బెంగుళూరు స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థ వారు అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివే 15 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు 460 మందిని పరిశీలించారు. రాటర్‌డామ్ లెక్క ప్రకారం వారిలో 42 మందికి, అంటే 9.13 శాతానికి ఈ రుగ్మత ఉన్నట్టు తేలింది. అది 2011 లో ప్రకటించారు. మన దేశంలో ఈ వయసు పిల్లల్లో ఇది ఎంత ఉన్నదో తెలుసుకోవాలనుకునే వారు ఇప్పటికీ అనంతపురం లెక్కను ఎత్తి చూపుతారు. అమెరికా పుస్తకాల్లో షికాగో ఉన్నట్టు మన పుస్తకాల్లో అనంతపురం ఉన్నది.

వారు అంతటితో ఆగలేదు. ఈ రుగ్మత ఉన్న 90 మంది అమ్మాయిలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజుకొక గంట యోగాసనాలు, ప్రాణాయామం, విశ్రాంతి. రెండో జట్టు అంతే సేపు మామూలు వ్యాయామం. పన్నెండు వారాల తరువాత యోగా జట్టులో మగ హార్మోను, అండపు మొలకల లెక్క చెప్పే మరో హార్మోను ఎక్కువగా తగ్గాయి, వెంట్రుకల బాధ కూడా కొంత తగ్గింది. బరువులో మాత్రం రెండు జట్లకూ తేడా రాలేదు. అందరికీ నయమయిపోయిందని వాళ్లు చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. కాని హాస్టలు పిల్లలకు పైసా ఖర్చు లేని పని అది.

మనవాళ్లకు ఇది ఎక్కువా అని అడుగుతారు. 1998 లో లండనులో స్థిరపడిన మన ఉపఖండపు స్త్రీలు 212 మందికి స్కానింగు చేస్తే 52 శాతానికి బుడగలు కనిపించాయి, వారిలో ఇన్సులిన్ మాట వినకపోవడమూ కనిపించింది. మన వాళ్లు సన్నగా కనిపించినా నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. కాబట్టి సన్నపిల్లకు ఈ జబ్బు రాదనుకోకండి. బరువు ఎక్కువున్న వాళ్లలో మాత్రం నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గితేనే చాలామందికి ముట్టు తిరిగి దారిలో పడుతున్నది. ఎనభై కిలోల మనిషికి నాలుగు కిలోల నుంచి ఎనిమిది కిలోలు. యాభై కిలోల సినిమాతార కానక్కర లేదు.

2018 లోనూ, మళ్లీ 2023 లోనూ అనేక దేశాల వైద్యులు కలిసి డాక్టర్లకు సూచనలు రాశారు. తల్లులకు పనికి వచ్చేవి రెండు మూడు చెబుతాను. పిల్ల పెద్దమనిషయిన ఎనిమిదేళ్ల దాకా స్కానింగులో బుడగలు చూసి పీసీఓఎస్ అని ముద్ర వేయకూడదు, ఆ వయసులో అవి మామూలుగానే ఉంటాయి. పెద్దమనిషయిన మొదటి ఏడాది ముట్టు అటూ ఇటూ కావడం సహజం. ఏడాది దాటాక ఒక్కసారైనా 90 రోజులు పైబడితే, మూడేళ్లు దాటాక 35 రోజులు మించి ఆలస్యమవుతూ ఉంటే డాక్టరుకు చూపించాలి. ఏ వయసు వారికైనా చక్కెర పరీక్ష చేయించాలి. దిగులు, బెంగ ఉన్నాయేమో డాక్టరే అడిగి తెలుసుకోవాలని కూడా రాశారు. ఈ చివరిది చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. ముట్టు తేదీ కాలెండరు మీద చుక్క పెట్టుకుంటే చాలు, డాక్టరు అడిగిన సగం ప్రశ్నలకు జవాబు చేతిలో ఉంటుంది. పాల లెక్క రాసుకునే కాలెండరే దీనికీ సరిపోతుంది.

ఇక పేరు. 2012 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిపించిన నిపుణులు ఈ జబ్బు పేరే తప్పుదోవ పట్టిస్తున్నదనీ, మార్చడం మంచిదనీ సలహా ఇచ్చారు. పేరులో బుడగలున్నాయి, జబ్బుకి బుడగలు తప్పనిసరి కాదు. పేరులో అండాశయం ఉన్నది, జబ్బు ఇన్సులిన్‌లోనూ, మెదడు పంపే హార్మోన్లలోనూ, చర్మంలోనూ, మనసులోనూ ఉన్నది. మన వైపు మరో తికమక, పీసీఓడీ వేరు, పీసీఓఎస్ వేరు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అని. మన డాక్టర్ల చీటీల్లో ఈ రెండూ చాలావరకు ఒకే జబ్బుకి రెండు పొడి అక్షరాలు. మా వీధిలో మాత్రం ఇప్పుడు ఎవరూ గడ్డలనడం లేదు. ఆ అమ్మాయి పుణ్యమా అని, "నారు ఎదగలేదు" అంటున్నారు.